సేనాని లేని దళాలు

నవంబర్ 6, మంగళవారం

మధ్యాహ్నం రైల్లో గ్దాన్‌స్క్ నుంచి వచ్చేశాను. ఆపరేషన్ బాగానే జరిగిందని డాక్టర్ విర్‌స్కా అంది. స్వరతంతువుల మీద గడ్డలు తీసేశారు. మూడు వారాలు ఒక్క మాట కూడా వద్దంది, గుసగుస అసలే వద్దంది. తర్వాత రోజుకు అయిదు నిమిషాలు. గొంతు మళ్ళీ మునుపటిలా అవుతుందా అని కాగితం మీద రాసి అడిగాను. "చూద్దాం" అంది.

పంతొమ్మిదేళ్ళుగా జనానికి కోట చూపిస్తూ, మాట్లాడి బతుకుతున్నదాన్ని. "చూద్దాం" ఏమిటి?

ఏప్రిల్ ఒకటిన యాత్రికుల కాలం మొదలవుతుంది. మొదటి రోజు నేను కోటలో ఉంటాను. ఇక్కడ రాసి పెట్టుకుంటున్నాను.

నవంబర్ 8, గురువారం

రొట్టెల దుకాణంలో అమ్మాయి నన్ను వరుస దాటించి ముందుకు రమ్మంది. వద్దని చెయ్యి ఊపాను. అందరూ పక్కకు జరిగారు. ఏం చెయ్యను, వెళ్ళాను.

నవంబర్ 10, శనివారం

మాట్లాడలేనిదాన్ని లైబ్రరీకి వెళ్ళి ఏం చేస్తానని పొద్దుటి నుంచి తటపటాయించాను. ఆట ఆడడానికి నోరెందుకులే అని చివరికి బయలుదేరాను.

సెప్టెంబర్ నుంచి ప్రతి శనివారం పదింటికి ముగ్గురం కలుస్తున్నాం. నేను, మందుల షాపు లిడ్కా, అలోయ్‌జీ బాబాయ్. బాబాయ్ అంటే సొంత బాబాయ్ కాదు. మా నాన్నతో కలిసి ఇరవై ఏళ్ళు రైళ్ళు నడిపిన మనిషి. లిడ్కా మాత్రం మర్యాదగా ఆయన్ని పాన్ అలోయ్‌జీ అనీ, నన్ను పాని బోగ్నా అనీ అంటుంది. మధ్యయుగపు రాజ్యాలతో ఆడే యుద్ధాల ఆట. కంప్యూటర్ ఒకటే. ఒకరి వంతు నడుస్తుంటే మిగతా ఇద్దరూ పక్క గదిలో రేడియేటర్ దగ్గర కూర్చోవాలి, తెర చూడకూడదు. ఒక వంతుకు ఆటలో అర్ధ సంవత్సరం గడుస్తుంది. నాది పోలండ్ రాజ్యం. లిడ్కాది లిథువేనియా. బాబాయ్‌ది శిలువ వీరుల రాజ్యం, అంటే ఒకప్పుడు ఇక్కడ ఏలిన జర్మన్ యోధ సన్యాసులది. ఆయన రాజధాని మా ఊరి కోటే, మల్‌బోర్క్.

ఇన్ని శనివారాల్లో నేను గెలిచిన యుద్ధం ఒక్కటీ లేదు. గుర్రాల్ని ఎటు నడపాలో తేలేలోపే ఆయన నా విలుకాళ్ళను తొక్కేస్తాడు. ఈసారి పద్ధతి మార్చాలనుకున్నాను. యుద్ధం చెయ్యను. కొంటాను.

ఆటలో అందుకు దారి ఉంది, ఎవరమూ పెద్దగా పట్టించుకోలేదంతే. మన దూతను శత్రుదళం దగ్గరికి పంపితే, దానికి ఎంత ఇవ్వాలో ఆట చెబుతుంది. రాజవంశపు సేనాని దగ్గరుండి నడిపే దళాన్ని కొనడం కుదరదు. మామూలు నాయకుడి చేతిలో ఉన్న దళమైతే కుదురుతుంది. జీతాలు అందని దళమైతే మరీ చవక. ఇవాళ ద్ర్వెంట్సా నది రేవు దగ్గర బాబాయ్ దళం ఒకటి సేనాని లేకుండా నిలబడి కనిపించింది. దూతను పంపాను. కొనేశాను. ఆరువందల మంది శిలువ వీరులు జెండా మార్చుకుని నా వైపు వచ్చేశారు.

తన వంతు రాగానే బాబాయ్ తెర ముందు కూర్చుని కళ్ళద్దాలు తుడుచుకున్నాడు.

"లిడ్కా, నా మనుషులేరే? రేవు దగ్గర పెట్టానుగా!"

"నన్నడుగుతారేంటి పాన్ అలోయ్‌జీ? పాని బోగ్నా మొహం చూడండి, దొంగ ఎవరో తెలుస్తుంది."

"లంచమా!" బాబాయ్ బల్ల మీద చరిచాడు. "ఏమే పిల్లా, పౌరుషముంటే యుద్ధం చెయ్యవే!"

నేను కాగితం మీద రాసి ముందుకు తోశాను: *పౌరుషం ఖరీదెంత?*

లిడ్కా పగలబడి నవ్వింది. ఆయనా నవ్వాడు.

వాళ్ళకు వేరే రాయక్కర్లేదు. మా ఊళ్ళో పుట్టిన ఎవరికైనా తెలిసిందే. అసలు చరిత్రలో మా రాజు ఈ కోటను ముట్టడించి గెలవలేకపోయాడు. శిలువ వీరులు తమ చెక్ కిరాయి సైనికులకు జీతాలివ్వలేదు, వాళ్ళు తాము కాస్తున్న కోటనే ఆయనకు అమ్మేసి వెళ్ళిపోయారు. ఈ సంగతి రెండో ద్వారం దగ్గర నిలబడి కొన్ని వేల సార్లు చెప్పి ఉంటాను. చెప్పగానే గుంపులో ఒకరైనా నవ్వుతారు. ఆ నవ్వు కోసం అక్కడ కాస్త ఆగేదాన్ని.

నవంబర్ 17, శనివారం

ఇంకొక దళం. అడవి అంచున, సేనాని లేకుండా. బాబాయ్‌కి చూపు తగ్గుతోందేమో.

నవంబర్ 24, శనివారం

మూడోది. దీనికి వేటగాడికుండే ఓపిక కావాలి. దూతలు ముగ్గుర్ని మూడు దారుల్లో పెట్టాను, ఎవరు ఎప్పుడు వదులవుతారో కాచుకుని కూర్చున్నాను. ఇన్నాళ్ళూ ఈ ఆటను కండబలంతో ఆడబోయాను. నా బలం ఇంకోచోట ఉంది. దారిలో పాట కూనిరాగం తీయబోయి నోరు మూసుకున్నాను.

నవంబర్ 27, మంగళవారం

మూడు వారాలు అయ్యాయి. వంటగదిలో నిలబడి నా పేరు చెప్పాను. గాలి వచ్చింది.

డిసెంబర్ 1, శనివారం

నిన్న రెండక్షరాలు పలికాయి, ఇసుకలో ఇనుము గీసినట్టు. ఇవాళ ఏమీ లేదు.

లిడ్కా ఒక మాట తెచ్చింది. "ఈ లంచాలు ఆపేద్దామండీ. యుద్ధం లేకపోతే ఇదేం ఆట?" నాకు మండింది, పెన్ను తీశాను. నేను రాసేలోపే బాబాయ్ అందుకున్నాడు. "ఉండనివ్వమ్మా. సైన్యం పోయేది నాది, బాధ నీకెందుకు?"

పేకాటలో ఒక్క ముక్క తేడా వస్తే నెల రోజులు మాట్లాడని మనిషి. వయసు మీద పడి మెత్తబడ్డాడు.

డిసెంబర్ 8, శనివారం

హెవ్మ్‌నో పట్టణం నాదయింది! లోపల కావలి దళానికి సేనాని లేడు, కొనేశాను, తలుపులు వాళ్ళే తీశారు. నాలుగు కొనుగోళ్ళు, ఒక పట్టణం, నా మనిషి ఒక్కడూ చావలేదు. వెళ్ళేటప్పుడు బాబాయ్ నా సంచిలో తేనె సీసా పెట్టాడు, గొంతుకి మంచిదని. ఓడిపోయి కూడా తేనె ఇచ్చాడు, మంచి మనిషి.

డిసెంబర్ 15, శనివారం

ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

నా వంతు. వాళ్ళిద్దరూ పక్క గదిలో ఉన్నారు. కొన్న దళాలను ఒక్కచోట చేర్చుదామని ఒకదాని మీద నొక్కితే 'దళం చరిత్ర' అనే పేజీ తెరుచుకుంది. ఇన్నాళ్ళూ దాన్ని చూడలేదు. ఆ దళం ఎప్పుడు ఎక్కడుందో, ఎవరి చేతి కింద ఉందో వరసగా రాసుంది. నా దూత దగ్గరికి వచ్చిన అర్ధ సంవత్సరంలోనే సేనాని దళాన్ని వదిలి కోటలోకి వెళ్ళిపోయాడు.

రెండో దళం చూశాను. అలాగే ఉంది. మూడోది. నాలుగోది, హెవ్మ్‌నో కావలిదళం. ఊరి సేనాని పట్టణం వదిలి బయట పొలంలో ఒంటరిగా నిలబడ్డాడట, నేను కొనేవరకూ. తర్వాత తిరిగి పనిలో చేరాడు.

బల్ల మీద కొట్టాను. ఇద్దరూ వచ్చారు. తెర చూపించి రాశాను: *నువ్వే వదిలేశావా?*

"ఏం వదిలేశాను?" బాబాయ్ చెవులు ఎర్రబడ్డాయి. లిడ్కా కిటికీ వైపు తిరిగింది. అంటే ఆమెకూ తెలుసు.

*నాలుగుసార్లు.*

ఆయన కుర్చీలో కూలబడి నన్ను చిన్నప్పటి ముద్దుపేరుతో పిలిచాడు. "గొంతు లేకుండా ఇంట్లో ఒక్కదానివే కూర్చుంటావు కదే బొగూషా. వారానికి ఒక్కపూటైనా సంతోషంగా ఇంటికి పోతావని... మీ నాన్న ఉన్నా ఇదే చేసేవాడు."

*మా నాన్న చదరంగంలో నన్ను ఒక్కసారి కూడా గెలవనివ్వలేదు,* అని రాశాను. దాని కింద, *నాకు పోయింది గొంతు. బుర్ర కాదు.* చివరి మాట దగ్గర పెన్ను కాగితాన్ని చీల్చుకుని బల్ల మీద గీత పడింది.

లిడ్కా "పాని బోగ్నా, ఆగండి, ఆయన మనసులో..." అంటోంది. కోటు చేతిలో పట్టుకునే బయటికి వచ్చేశాను. నోగాత్ నది వంతెన దాటాక గానీ తొడుక్కోలేదు.

డిసెంబర్ 16, ఆదివారం

లేవలేదు.

డిసెంబర్ 17, సోమవారం

నాకు చూపు మందగించిందని రాయాల్సింది. ఆయనకని రాశాను.

రొట్టెల దుకాణంలో వరుస దాటించిన అమ్మాయి. మెట్ల మీద నా చేతిలో సంచి లాక్కునే పై ఇంటాయన. గైడ్ల బృందం పెద్ద తెరేసా వారం వారం పంపే పువ్వుల కార్డు, "తొందరేమీ లేదు బోగ్నా." నవంబర్ నుంచి ఊరంతా నా ముందుకు సేనాని లేని దళాలనే పంపుతోంది. నేను గెలుస్తున్నాననుకుని లెక్కపెట్టుకుంటున్నాను.

లేచి గొంతు అభ్యాసాలు చేశాను. గ్లాసు నీళ్ళలో గొట్టం పెట్టి, బుడగలు వచ్చేలా 'ఊ' అంటూ ఊదడం. ఇరవై సార్లు. డాక్టర్ పది చెప్పింది.

డిసెంబర్ 22, శనివారం

వెళ్ళాను. నేను వస్తాననుకోలేదు వాళ్ళు. పండగ కదా, లిడ్కా గసగసాల రొట్టె తెచ్చింది, ఎవరూ ముట్టుకోలేదు.

నా వంతులో వాళ్ళను పక్క గదికి పోనివ్వలేదు. వెనకే నిలబడి చూడమని సైగ చేశాను. కొన్న నాలుగు దళాలనూ ఒక్కొక్కటిగా రద్దు చేశాను. హెవ్మ్‌నో ఖాళీ చేసి వచ్చేశాను.

"మతి పోయిందా మీకు!" లిడ్కా నా చెయ్యి పట్టుకోబోయింది. "నెలన్నర కష్టమండీ అది!"

ఇంటి దగ్గరే రాసి తెచ్చుకున్న కాగితం బాబాయ్ ముందు పెట్టాను. *నన్ను ఓడించే ఆట ఆడితే వస్తాను. లేకపోతే ఇదే ఆఖరు.*

ఆయన చాలాసేపు చదివాడు. ఉన్నవి పదిలోపు మాటలే.

"తర్వాత ఏడవకూడదు మరి."

తల ఊపాను. అప్పుడు రొట్టె కోశారు.

జనవరి 5, శనివారం

నా ఇనోవ్రోత్స్వావ్ పట్టణం పోయింది. బాబాయ్ కోట గోడల్ని పిండి చేశాడు. బయటికొచ్చేటప్పుడు ఈల కూడా వేశాడు.

జనవరి 12, శనివారం

నా ప్వోత్స్క్ పట్టణం చుట్టూ ఆయన గుర్రాలు. బయటి నుంచి సాయం రాదు. నా వంతు అయ్యాక పక్క గదికి పోతుంటే గుమ్మంలో ఆపాడు.

"ఇంకా అదే మాటా పిల్లా? నిజంగానే ఆడమంటావా?"

"ఆడు," అన్నాను.

ఆపరేషన్ తర్వాత ఆయన నా గొంతు వినడం అదే మొదటిసారి. గరుకుగా, మగమనిషి గొంతులా ఉంది. ఆయన ఉలిక్కిపడి నేలకేసి చూశాడు. తర్వాత వెళ్ళి కూర్చుని ప్వోత్స్క్ పట్టుకున్నాడు.

భయం వేసింది. బాగుంది.

జనవరి 16, బుధవారం

తెరేసా ఇంటికి వచ్చింది. ఈ ఏడు టికెట్ల కిటికీ దగ్గర కూర్చుంటే గొంతుకి విశ్రాంతి అని, అందరికీ అదే మంచిదనిపిస్తోందని అంది. అందరూ అంటే ఎవరని అడగలేదు. మార్చిలో నన్ను పరీక్షించమన్నాను. గంటసేపు, నిజమైన గుంపుతో. ఓడితే కిటికీ దగ్గర కూర్చుంటాను. తెరేసా టీ తాగకుండా కప్పును తిప్పుతూ కూర్చుంది. "మార్చి అయిదు," అంది చివరికి.

జనవరి 19, శనివారం

నాకిప్పుడు రోజుకు పది నిమిషాల మాట. ఇవాళ్టి పదీ లిడ్కా మీద ఖర్చుపెట్టాను, బాబాయ్ తన వంతులో ఉన్నప్పుడు, రేడియేటర్ దగ్గర.

"ఆయన ధాన్యం ఎవరు కొంటున్నారు?"

"నేనే. ఎందుకూ?"

"ఆపెయ్."

"ఆపితే నాకేంటి లాభం?"

"నా తర్వాత ఆయన నీ మీదకే వస్తాడు. సరిహద్దు చూసుకో."

లిడ్కా బన్ను కొరుకుతూ ఆలోచించింది. "జాలితో ఒప్పుకోనండీ, ముందే చెప్తున్నా. క్రాకోవ్ దగ్గరి ఉప్పు గనులు నాకు రాసివ్వండి."

ఇచ్చాను. ఎంత హాయిగా బేరమాడిందో!

జనవరి 26, శనివారం

విస్తులా నది సముద్రంలో కలిసే చోట నా ఓడలు మూడు అడ్డం నిలబెట్టాను. ఆయన సరుకు ఇక బయటికి పోదు. గుర్రాల సైన్యం చూడ్డానికి బాగుంటుంది, మేపడానికి కష్టం. ఆయన దగ్గర ఎప్పుడూ అవసరానికి రెట్టింపు గుర్రాలుంటాయి.

ఫిబ్రవరి 2, శనివారం

పక్క గదిలో బాబాయ్ నసుగుతున్నాడు. "ఖజానా ఖాళీ అయింది. ఏ దేవుడు చేశాడో ఈ పని." నేను కాఫీ కలుపుకుంటున్నాను.

ఆయన దళాలకు జీతాలు అందడం లేదు. మల్‌బోర్క్ గుమ్మం ముందు నా దూతను నిలబెట్టాను. కానీ లోపల ఉన్నది రాజవంశపు ముసలి సేనాని. అతనక్కడ ఉన్నంతకాలం ఆ దళం ధర ఆట చెప్పదు.

అతను బయటికి రావాలి. బాబాయ్ ఈసారి జాలితో పంపడు. దేనికి పంపుతాడు?

ఫిబ్రవరి 6, బుధవారం

తెలిసింది. నీళ్ళలో 'ఊ' అంటుండగా తట్టింది, నవ్వొచ్చి బట్టలన్నీ తడిసిపోయాయి.

ఫిబ్రవరి 16, శనివారం

పోయిన వారం లిడ్కాకు జ్వరం వచ్చి ఆట లేదు. ఇవాళ జరిగింది.

మొదటి వంతులో నా రాజును తీసుకొచ్చి మల్‌బోర్క్‌కి ఒక రోజు దూరంలో, ష్టూమ్ దగ్గర నిలబెట్టాను. వెంట నలభై మంది. కొడుకు క్రాకోవ్‌లో ఉన్నాడు, రాజు పట్టుబడినా రాజ్యం నిలుస్తుంది. పట్టుబడితే నా పాత మనిషి పోతాడు, వంద వంతులుగా నడిపినవాడు.

జీతాల్లేని ఆయన దళాలు దూరంలో కదలకుండా ఉన్నాయి. రాజును అందుకోగలిగింది ముసలి సేనాని ఒక్కడే. డిసెంబర్ నాటి బాబాయ్ అయితే "పాపం, పొరపాటున వచ్చింది" అని నా రాజును వదిలేసేవాడు. అప్పుడు నా ఎత్తు పారదు. నా మీద ఆయన జాలి నిజంగా చచ్చిపోయి ఉండాలి. పక్క గదిలో కూర్చుని దానికోసమే కాచుకున్నాను.

లోపల్నుంచి పెద్ద కేక. "దొరికాడే నీ రాజు! కళ్ళు నెత్తికెక్కాయా పిల్లా, నలభై మందితో షికారుకొచ్చావా!"

లిడ్కా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "అయ్యో పాని బోగ్నా!"

లిడ్కా వంతు అయ్యాక నా వంతు వచ్చింది. ముసలి సేనాని ష్టూమ్ దగ్గర, నా రాజును సంకెళ్ళలో పెట్టుకుని నిలబడ్డాడు. మల్‌బోర్క్‌లో ఉన్నది ఒక మామూలు నాయకుడు, మూడు అర్ధ సంవత్సరాలుగా జీతం చూడని మనుషులు. దూత మీద నొక్కాను. ఈసారి ఆట ధర చెప్పింది. నా ఖజానాలో అంతకు కొంచెం ఎక్కువే ఉంది.

కోట జెండా మారింది. వాళ్ళను పిలిచాను.

బాబాయ్ తెరకేసి చూశాడు. పటాన్ని పెద్దది చేసి చూశాడు. చిన్నది చేసి చూశాడు.

"ఇదేంటి?"

"మల్‌బోర్క్," అన్నాను.

"మల్‌బోర్కని నాకు తెలుసు! నీ రాజు నా దగ్గరున్నాడే!"

"ఉంచుకో."

"రాజును ఎర వేస్తావా? సొంత రాజును! సిగ్గులేదే నీకు? ఇది ఆటా, దొంగతనమా? రైళ్ళ మీద ముప్ఫై ఎనిమిదేళ్ళు చేశాను, ఇలాంటి మోసం ఎక్కడా చూళ్ళేదు!" మెడ నరాలు తాళ్ళలా ఉబ్బాయి. కుర్చీని కాలితో నెట్టేశాడు, అది వెళ్ళి పుస్తకాల అరకు తగిలింది. "మీ నాన్న పరువు తీశావు!" టోపీ మర్చిపోయి, మంచులో బోడి తలతో వెళ్ళిపోయాడు.

లిడ్కా పుస్తకాలు ఏరుతూ అంది: "బాగా కోపమొచ్చిందండీ ఆయనకి. వెనక్కి పిలుద్దామా?"

"వద్దు," అన్నాను. "ఎంత కోపం వచ్చిందో చూశావా?"

ఆమె నన్ను వింతగా చూసింది.

ఫిబ్రవరి 23, శనివారం

రాలేదు. లిడ్కాతో ఆయన టోపీ పంపించాను, చెవులకు చలి కదా.

ఫిబ్రవరి 28, గురువారం

తీపి గురువారం, పెద్ద ఉపవాసాలకు ముందు ఊరంతా బూరెలు తినే రోజు. రొట్టెల దుకాణంలో బూరెల కోసం వీధి చివరిదాకా వరుస. అమ్మాయి చెయ్యి ఊపి ముందుకు పిలిచింది. "నా వంతు వచ్చినప్పుడు వస్తాను" అని అక్కణ్ణుంచే అరిచాను. అరుపంటే అరుపు కాదు, కానీ వినబడింది. యాభై నిమిషాలు నిలబడ్డాను. గులాబీ జామ్ ఉన్నవి నా ముందే అయిపోయాయి.

మార్చి 5, మంగళవారం

పరీక్ష. జర్మనీ నుంచి వచ్చిన పింఛనుదారులు పదిహేడు మంది. తెరేసా చివర్న నిలబడింది.

గొంతు లోతుగా, గరుకుగా ఉంది. పెద్ద ముంగిట్లో గాలికి వెనకవాళ్ళకు వినబడలేదు. ఇదివరకైతే గొంతు పెంచేదాన్ని. "దగ్గరికి రండి, ఈ కోట గురించి గట్టిగా చెప్పకూడదు" అన్నాను. చుట్టూ మూగారు. రెండో ద్వారం దగ్గర కోట అమ్మకం సంగతి చెప్పాను. ఇద్దరు నవ్వారు. నలభయ్యో నిమిషంలో గొంతు ఒకసారి పూర్తిగా తెగింది. నీళ్ళు తాగి మళ్ళీ మొదలుపెట్టాను. ఎవరూ వెళ్ళిపోలేదు.

తెరేసా నిజాయితీగానే చెప్పింది. "పెద్ద గుంపులు నువ్వు చెయ్యలేవు బోగ్నా. వేసవిలో ముంగిట్లో నలభై మందిని నిలబెట్టలేవు."

"చిన్నవి?"

"పదిహేను మంది దాటకుండా. రోజుకి రెండు. డబ్బు తక్కువొస్తుంది."

ఒప్పుకున్నాను. పాత గొంతు రాదు. ఇది రాయడానికి ఇంత సేపు పడుతుందనుకోలేదు. ఏప్రిల్ ఒకటి, పదింటికి, పదిహేను మంది.

మార్చి 9, శనివారం

రాలేదు. ఇద్దరమే కూర్చుని కాఫీ తాగి వచ్చేశాం.

మార్చి 10, ఆదివారం

పొద్దున తొమ్మిదింటికి ఫోన్ మోగింది. నవంబర్ నుంచి నాకెవరూ ఫోన్ చెయ్యలేదు, అందరూ మెసేజ్‌లే పెడతారు. తీశాను.

"ఓడలు!" అన్నాడు అలోయ్‌జీ బాబాయ్. "విస్తులా సముద్రంలో కలిసే చోట ఓడలు పెట్టింది నువ్వేనా?"

"నేనే."

"ధాన్యం ఆపించింది కూడా నువ్వే!"

"అది లిడ్కా."

"లిడ్కాకి అంత తెలివి ఎక్కడేడిచింది! నువ్వే ఎక్కించావు. మూడు వారాల్నుంచి నిద్రలేదు నాకు, కాగితం మీద గీసుకుని చూస్తే ఇప్పుడు అర్థమైంది. ఆ ముసలాణ్ణి నేను కదపకపోతే ఏం చేసేదానివి?"

"నువ్వు కదుపుతావని తెలుసు. ఒంటరి రాజు కనబడితే ఆగలేవు."

"నోరు బాగా లేచిందే నీకు!"

"నువ్వే చెవులు రిక్కించి వింటున్నావు."

తిట్టాడు. నేనూ తిట్టాను. హెవ్మ్‌నో సంగతి తీశాడు, నేను ద్ర్వెంట్సా రేవు సంగతి తీశాను. నా రాజును ఊరికే వదలడట, సగం రాజ్యం అడుగుతాడట. ఆ ముసలి రాజును ఉంచుకుని జీవితాంతం సూపు పోసి మేపుకోమన్నాను. నేను మాట్లాడుతుంటే రెండుసార్లు అడ్డొచ్చాడు, రెండుసార్లూ ఆగకుండా మాట్లాడాను. నా గొంతు మధ్యలో తెగిపోతే "ఏంటీ? వినబడ్డం లేదు, గట్టిగా చెప్పు!" అని అరిచాడు.

గట్టిగా చెప్పాను.

పెట్టేశాక గంటసేపు గొంతు మంట. డాక్టర్‌కి చెప్పను.